చివర నుంచి చూసే దొరబాబు గారు

దొరబాబు గారు దేన్నైనా చివర నుంచే చూస్తారు. పేపరు ఆఖరి పేజీతో మొదలుపెడతారు. పెళ్లిలో సన్నాయి ఊది భోజనానికి వెళ్తే, పంక్తి చివరి విస్తరిదాకా నడిచి, గుత్తొంకాయ అక్కడిదాకా వచ్చిందో లేదో చూసిగాని కూర్చోరు. ధవళేశ్వరం బస్సెక్కినా ముందుగా ఆఖరి సీటువాళ్లను పలకరించి రావాల్సిందే.

అలాంటి మనిషి, రెండువేల ఎనిమిదిలో, రాజమండ్రిలో హారతి నడిపే నెట్ సెంటర్‌కి వచ్చిపడ్డారు. పెనుగొండ ఉత్సవ కమిటీవాళ్లు ఆహ్వానపత్రికలో వేయడానికి ఆయన మేళం వెబ్‌సైట్ అడ్రసు అడిగారట. శనివారం సాయంత్రంలోగా ఇవ్వకపోతే ఇంకో మేళాన్ని పిలుచుకుంటారట. హారతి పాపం, ఇదెంత పని అనుకుంది. ఉచితంగా సైటు కట్టుకోనిచ్చే కంపెనీలు నాలుగైదున్నాయి. నచ్చినది ఎంచుకుని ఫొటోలు పెట్టడమే కదా.

మొదటిది తెరిచింది. పైన గోడంత ఫొటో, బంగారు అక్షరాలు.

"బాగుందమ్మా. చివరికి పోనీ," అన్నారాయన. చివర చూసి తల అడ్డంగా ఊపారు.

రెండోది తెరవగానే పాట మోగింది. దానికీ అదే గతి. మూడోదాంట్లో మంచు కురిసింది. గోదావరి జిల్లాలో మంచేంటని కూడా అడగలేదు, చివరికి పోనీ అన్నారంతే. మూడు రోజులు కిందికి లాగీ లాగీ మౌసు అరిగింది, హారతి ఓపిక అంతకన్నా అరిగింది. శ్రుతిపెట్టె ఒళ్లో పెట్టుకుని తలుపు పక్క స్టూలు మీద కూర్చున్న వెంకన్న మాత్రం నోరెత్తితే ఒట్టు. ముప్పై ఏళ్లుగా ఆ మేళానికి శ్రుతి పట్టేది అతనే.

శనివారం నాలుగైంది. హారతి మిగిలిన ఒక్కటీ తెరిచింది. బురదరంగు, నాలుగు గళ్లు, అంతే. చివర చూసి దొరబాబు గారు "ఇదేనమ్మా" అన్నారు. ఆమెకు ఒళ్లు మండింది. ఇంత వికారమైనది ఎందుకని అడిగేసింది.

ఆయన సంచీలోంచి పెళ్లి ఫొటోల కట్ట తీశారు. ప్రతిదాంట్లో సన్నాయి ఉంది, డోలు ఉంది, తాళం ఉంది, అంచున ఒక మోచెయ్యి ఉంది.

"ఆ మోచెయ్యి మా వెంకన్నది తల్లీ. ముప్పై ఏళ్లుగా అంతవరకే తీస్తున్నారు. నీ కంపెనీలూ అంతే, చివరివాడికొచ్చేసరికి బొమ్మ తపాలాబిళ్లంత చేస్తున్నాయి. ఇందులో నలుగురికీ ఒకటే కొలత."

హారతి కోపం ఎటుపోయిందో ఆమెకే తెలియదు. వెంకన్నను తనే కెమెరా ముందు కూర్చోబెట్టింది. ముఖం ఎలా పెట్టాలో తెలియక అతను శ్రుతిపెట్టెను పైకెత్తి చూపించాడు. ఫొటోల వరుస దొరబాబు గారు దగ్గరుండి చెప్తుంటే, హారతి హడావిడిలో ఎవరిదెక్కడో గమనించకుండానే పెట్టేసింది. అడ్రసు అయిదింటికల్లా పెనుగొండ చేరింది.

సోమవారం దొరబాబు గారూ వెంకన్నా నెట్ సెంటర్‌లో ఉండగానే కమిటీవాళ్లు హారతికి ఫోన్ చేశారు. "మేళం పెద్ద వెంకన్న గారేనాండి?"

హారతి కంగారుగా సైటు తెరిచింది. నిజమే, మొదటి గడిలో వెంకన్నే ఉన్నాడు. సరిచేయమంటారా అని దొరబాబు గారిని అడిగింది.

"సరిగ్గానే ఉందమ్మా. వాడు శ్రుతి ఆపితే నా సన్నాయి ఎటు పోతుందో నాకే తెలీదు."

తలుపు పక్క స్టూలు కిర్రుమంది. వెంకన్న లేచొచ్చి, తన ఫొటో వంక ఒక్కసారి చూసి, మొదటిసారి నోరు విప్పాడు.

"చివరికి పోనీ తల్లీ. ఆయనెక్కడున్నారో చూడాలి."

చివరి గడిలో, బుగ్గలు పూరించుకుని, దొరబాబు గారు ఉన్నారు.