దూరం కూర్చున్న అరగంట

పెళ్లయిన కొత్తలో నాకు తెలియని విషయమంటూ లోకంలో లేదని నా గట్టి నమ్మకం. బరువు తగ్గితే పరుగు దానంతటదే వస్తుందని కూడా ఆ రోజుల్లో నేనే కనిపెట్టాను. కానిస్టేబుల్ పరుగు పరీక్ష కోసం తెల్లవారకముందే ఎమ్మిగనూరు మైదానంలో చెమటలు కక్కేదాన్ని. ఇంటికొచ్చాక మా అత్త పెట్టిన జొన్నరొట్టె, చెనిక్కాయల పొడి పట్టుకుని పెరట్లోకి వెళ్లి, రొట్టె కుక్కకు వేసి, పొడి మాత్రం నాకేసేదాన్ని (అంత త్యాగం నా వల్ల కాలేదు). మధ్యాహ్నానికి రెండు కీరకాయలు. దాంతో రెండు నెలలు నెలసరి రాలేదు.

మా మెట్టినింట్లో ఆ సంగతి దాచడం ఎవరి తరమూ కాదు. ఆ మూడు రోజులూ వసారా మూలన వేరే చాప, వేరే చెంబుతో దూరం కూర్చోవాలి. కూర్చోకపోతే అందరికీ తెలిసిపోతుంది. మా అత్తకు తెలిసింది, మగ్గాల వీధంతటికీ తెలిసింది, నేను కడుపుతో ఉన్నానని ఆఖరున నాకు తెలిసింది! "ఇంగ పరుగూ గిరుగూ సాలు పాపా. యాడికీ పోవద్దు," అని మా అత్త నా బూట్లు బీరువాలో పెట్టి తాళం వేసింది. పరుగు పరీక్షకు ఇంకా ఇరవై రోజులే ఉన్నాయి. మందుల షాపులో కడుపు పరీక్ష పట్టీ తెచ్చి రెండుసార్లు చూసుకున్నాను. ఒకటే గీత, అంటే కడుపు లేనట్టే. చూపిస్తే, "ఆ ప్లాస్టిక్ పుల్లకేం తెలుస్తాది!" అని కొట్టిపారేసింది.

అప్పుడు తట్టింది నాకు మహా గొప్ప ఉపాయం. మరునాడు పొద్దున్నే చాప, చెంబు తీసుకుని మూలన కూర్చున్నాను. కడుపు లేదని ఆమే ఒప్పుకుని బూట్లు ఇచ్చేస్తుందని నా లెక్క (అంతకుమించి ఆలోచించే తలే ఉంటే రొట్టె కుక్కకెందుకు వేస్తాను?). అరగంటకు మా అత్త నన్ను చూసి చేట కింద పడేసింది. "అయ్యో, పాప కడుపు పోయినట్టుండాదే!" అని గొల్లుమంది. నేను నోరు తెరిచేలోపే ఆటో వచ్చింది, ఆదోని ఆసుపత్రి దారి పట్టింది. దూరం ఉన్నవాళ్లను ముట్టుకోకూడదన్న సంగతే మరిచిపోయి, దారి పొడవునా నా తల ఒళ్లో పెట్టుకుని ఏడ్చింది. నిజం చెప్పడానికి నాకు ధైర్యం చాలలేదు.

"రక్తం ఎంత పోతోందమ్మా?" అని అడిగారు డాక్టరమ్మ.

"పోవడం లేదు మేడం. ఊరికే కూర్చున్నాను."

"ఏమంటాండావే?" అంది మా అత్త.

ఇక రొట్టె, కుక్క, కీరకాయలు అన్నీ బయటపడ్డాయి. డాక్టరమ్మ నవ్వు ఆపుకుంటూ పరీక్ష చేసి, కడుపు లేదని తేల్చారు. "నెల తప్పితే కడుపే కానక్కర్లేదమ్మా. సరిగ్గా తినకపోయినా, ఉన్నట్టుండి బరువు తగ్గినా, మరీ పరుగెత్తినా, దిగులు పెట్టుకున్నా ఆగుతుంది. థైరాయిడ్ తేడా ఉన్నా, అండాశయాల్లో నీటిబుడగల జబ్బున్నా ఆగుతుంది. రక్తం, స్కానింగ్ చూద్దాం. ముందు ఈ పిల్లకు కడుపునిండా తిండి పెట్టండి," అన్నారు. పరుగు మానేయాలా అని భయంభయంగా అడిగాను. "తగ్గించు. తినకుండా మాత్రం పరుగెత్తకు," అన్నారు.

పరీక్షల్లో ఏ జబ్బూ లేదని తేలింది. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో మా అత్త కిటికీ వైపు తిరిగి కూర్చుంది. వీధిలో తలెత్తుకోలేననే బాధ కాబోలనుకుని, "తప్పయింది అత్తా," అన్నాను.

"బిడ్డ ఈ పొద్దు కాకుంటే రేపు పుడ్తాది. నా ఇంట్లో నువ్వు రెండు నెల్లు పస్తు ఉంటివి కదా! దూరం కూసుంటివా లేదా అని సూస్తాంటి గానీ, తింటివా లేదా అని సూడకపోతి," అని కొంగుతో కళ్లు తుడుచుకుంది. నాకూ ఏడుపు ఆగలేదు. ఇంటికి రాగానే బీరువా తాళం తీసింది.

ఆ ఏడు పరుగులో కొద్దిలో తప్పాను, మలిసారి నెగ్గాను. కడుపునిండా తినడం మొదలుపెట్టిన మూడో నెలకే నెలసరి వచ్చింది. (ఆ సంగతీ వీధంతటికీ ఆమే చెప్పింది.) అలవాటుగా మూలకు పోబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపి, "ఆడ నీ మొగం కనపడదు. ఈడ నా పక్కన కూర్సోని తిను," అంది. అంత మనిషిని బూట్ల కోసం బోల్తా కొట్టించాలని చూసిన ఆ తెలివితక్కువ పిల్లను తలుచుకుంటే, కోపం కంటే ముందు నవ్వే వస్తుంది.