ఇత్తడి అడిగితే ఉక్కు పెట్టాను

1986. వరంగల్ స్టేషన్ రోడ్డులో నాకు లేత్ షాపు ఉండేది. పత్తి మిల్లుల షాఫ్టులు, రైసు మిల్లుల పుల్లీలు, నర్సంపేట నుంచి వచ్చే పంపుల బుష్‌లు, ఇదే పని. నేను చేసిన ముక్క ఒక్కటీ విరిగి వెనక్కి రాలేదని ఎవరూ అడగకపోయినా చెప్పుకుంటూ తిరిగేవాణ్ణి.

కాజీపేటలో రేడియోలు బాగుచేసే ఖాజా ఆ ఎండాకాలంలో ఒక పని తెచ్చాడు. మూరెడు పొడవు ట్రక్కు, దూరం నుంచి మీట నొక్కితే రేడియోతో నడిచేది. రేడియో భాగమంతా తనే చేసుకున్నాడు. మోటారు మాత్రం బొంబాయి నుంచి తెప్పించిన జపాను సరుకు, అలాంటిది మరొకటి దొరకదు. అది రివ్వున తిరుగుతుంది కానీ బరువు లాగలేదు. చిన్న గేరు పెద్ద గేరును తిప్పేలా మూడు జతలు పెడితే వేగం తగ్గి బలం పెరుగుతుంది. దీన్నే గేర్ రిడక్షన్ అంటారు. ఆ గేరుబాక్సు నా వంతు.

అది ఆటబొమ్మ కాదు. హన్మకొండలో రేడియో పని నేర్పే ఒక సంస్థలో మాస్టరు ఉద్యోగం ఖాళీగా ఉంది. ఖాజా చదువు ఏడో తరగతితో ఆగిపోయింది. సర్టిఫికెట్లు లేవు కాబట్టి ఏదైనా చేసి చూపించమన్నాడు అక్కడి ప్రిన్సిపాల్.

"మల్లన్నా, నడిమి గేరు ఇత్తడిది పెట్టు. జర మెత్తగుండాలె" అన్నాడు ఖాజా.

"ఎందుకురా? ఉక్కుదైతే నీ తరం, నా తరం నిలుస్తది."

"నా రిలే ఒక్కోపారి అతుక్కపోతది."

రిలే అంటే మోటారుకు కరెంటు కలిపి తెంపే స్విచ్చు.

"అప్పుడు మీట ఇడిసినా కరెంటు ఆగది. బండి యాడన్న ఇరుక్కుంటే మోటారు కాలుతది. ఇత్తడిదైతే పళ్ళు రాలి మోటారు బతుకుతది. ఇంకో గేరు ఏసుకుంటే అయిపాయె."

"ఫ్యూజు పెట్టరాదు?"

"పెట్టి చూసిన. బండి కదిలేటప్పుడే కొట్టేస్తాంది."

సరే అన్నాను. కానీ విరగడానికే ఒక ముక్క చేయాలంటే నాకు చేయి రాలేదు. నా గేరు పళ్ళు రాలాయంటే మల్లయ్య పని ఇంతేనా అనరూ! మూడు జతలూ ఉక్కుతోనే కోశాను. మూత బిగించి ఇచ్చాను. అతనికి చెప్పలేదు. నా షాపు గచ్చు మీద ట్రక్కు ఇటుక మోసుకుని నడిస్తే ఖాజా నన్ను వాటేసుకున్నాడు.

పరీక్ష రోజు నా గొప్ప చూపించుకోవడానికి ఇద్దరు మిల్లు మేనేజర్లను వెంట తీసుకెళ్ళాను. ఆ సంస్థ మెట్ల మీద ఏటవాలుగా చెక్క వేశారు. రెండు ఇటుకలతో ట్రక్కు మెల్లగా ఎక్కుతుంటే అందరూ నోరు తెరిచి చూశారు. చివర్లో తేలి ఉన్న మేకుకు ఇరుసు తట్టుకుంది. ఖాజా మీట వదిలాడు. రిలే అతుక్కుపోయింది. చక్రాలు కదలవు, మోటారు మూలుగుతోంది. అతను పరుగెత్తి బ్యాటరీ తీగ పీకేలోపే పొగ వచ్చింది.

"ఇట్లయితదని ముందే తెలువదా? మోటారు కాలకుండ ఏం జాగ్రత్త పెట్టినవ్?" అన్నాడు ప్రిన్సిపాల్.

ఖాజా గేరుబాక్సు మూత విప్పాడు. లోపల గేర్లన్నీ తెల్లగా మెరుస్తున్నాయి, ఇత్తడి పసుపు ఎక్కడా లేదు. తలెత్తి నన్నూ, నా పక్కనున్న మేనేజర్లనూ చూశాడు. నా గిరాకీల ముందు నా పరువు తీయడం అతనికి ఇష్టం లేకపోయింది.

"మరిచిపోయిన సార్" అన్నాడు.

"గిదే మరిచేటోనివి పిల్లలకేం నేర్పుతవయ్యా?"

ఇత్తడి గేరు పెట్టమన్నాడు, నేనే పెట్టలేదు. ఈ ఒక్క మాట నేను అని ఉంటే చాలు, అతని తెలివి వాళ్ళకు అర్థమయ్యేది. అనలేదు. ఇప్పటికీ సిగ్గేస్తుంది.

వారం తర్వాత కాజీపేట వెళ్ళి అతని చేతులు పట్టుకున్నాను.

"తప్పు నాది ఖాజా. నువ్వు చెప్పింది చెయ్యకపోతి."

"గేరు మార్చినందుకు నాకు కోపం లేదన్నా" అన్నాడు, బాగుచేస్తున్న రేడియో పక్కన పెట్టి. "గీ మాట నాకు జెప్తున్నవ్. ఆ దినం సారుకు జెప్పాలె గద."

అక్కడి నుంచి నేరుగా హన్మకొండ వెళ్ళి ప్రిన్సిపాల్‌కు జరిగిందంతా చెప్పాను. ఆయన చివరిదాకా విన్నాడు. ఉద్యోగం అంతకు ముందురోజే వేరొకరికి ఇచ్చేశారు.

పనిలో తప్పు జరిగితే అక్కడే, అందరి ముందే ఒప్పుకోవడం అప్పటి నుంచి అలవాటు చేసుకున్నాను. దానివల్ల చాలామంది గిరాకీలకు మేలు జరిగింది. ఖాజాకు జరగలేదు.