స్కాలర్‌షిప్పు, సేమ్యా పాయసం

అరవైల మొదట్లో యూనివర్సిటీ సీటు మా ఇద్దరికీ వచ్చింది. మెరిట్ స్కాలర్‌షిప్ సంగతే తేలాలి. బిట్రగుంట రైల్వే కాలనీలో ఉండే గార్డుగారబ్బాయికి నాకంటే మూడు మార్కులు ఎక్కువ. నేను బజారులో దర్జీ కొడుకుని. నమాజు అయ్యాక నాకు రావాలని ఒకసారి, వాడికి రాకూడదని రెండుసార్లు దువా చేసేవాణ్ణి. రోజూ ఆ బొగ్గుపొగ వీధిలోకి వెళ్లి వాడి మొహం చూసొచ్చేవాణ్ణి. అందులో సంతోషం కనపడకపోతేనే నాకు అన్నం సయించేది.

ఒక ఉదయం నాకు ఉత్తరం వచ్చింది. వాడి మొహం మాడిపోవడం చూడాలని పరుగెత్తాను.

కాగితం చూడగానే వాడు గంతేసి లోపలికి అరిచాడు. "అమా, వీడిక్కూడా ఇచ్చినారు! ఇంక పాయసం చెయ్యి!"

వాడికి నాలుగు రోజుల కిందటే వచ్చిందట.

"నీ సంగతి తేలకుండా మనం పండగ చేసుకుంటే బాగుండదని అనింది మాయమ్మ. సేమ్యా పొట్లం విప్పనే లేదురా," అన్నాడు.

రెండు గిన్నెలు తాగాను. తీపే తగల్లేదు. నాకే ముందొచ్చి ఉంటే, ఆ నాలుగు రోజులూ ఉత్తరం పట్టుకుని వాడి గుమ్మం ముందే తిరిగేవాణ్ణి.

మా మధ్య తేడా మూడు మార్కులే అనుకున్నాను, అప్పటిదాకా.