బకెట్టు కామాక్షయ్య

కామాక్షయ్యకు ఖాళీ విస్తరి కనబడకూడదు. అది పెళ్ళివారి విస్తరి కావచ్చు, పగవాడి విస్తరి కావచ్చు, పిలవకుండా వచ్చి కూర్చున్నవాడిది కావచ్చు. కనబడిందంటే చాలు, ఆయన చేతిలో బకెట్టు ప్రత్యక్షం. ముత్తుకూరు చుట్టుపక్కల ఏ పెళ్ళయినా పురోహితుడు ఆలస్యంగా రావచ్చుగాని, భుజాన తుండు వేసుకుని కామాక్షయ్య మాత్రం పొయ్యి రాజెయ్యకముందే హాజరు. అందుకే ఆయన ఇంటిపేరు ఊళ్ళో ఎవరికీ గుర్తులేదు. బకెట్టు కామాక్షయ్య అంటే బస్సు కండక్టరు కూడా ఇల్లు చూపిస్తాడు.

‘చాలు’ అన్న మాట ఆయన చెవికి ఎక్కదు. విస్తరికి చేతులు అడ్డం పెడితే వేళ్ళ సందుల్లోంచి పప్పు పోస్తాడు. విస్తరి మీదికి బోర్లా వంగితే వీపు నిమిరి, "ఏం నాయనా, కళ్ళు తిరుగుతాండాయా? ఆకలైతే అట్లనే ఉంటది" అని ఇంకో రెండు గరిటెలు దిమ్మరిస్తాడు. ఒకసారి దొరవారిసత్రం నుంచి వచ్చిన మగపెళ్ళివారి పెద్దమనిషి ఆయన్ని వంటవాళ్ళ మనిషనుకుని పక్కకు పిలిచాడు.

"బాగా వడ్డిస్తాండావే. మా రెండోవాడి పెళ్ళికి కూడా వస్తావా?"

"తేదీ చెప్పండి సామీ."

తేదీ చెప్పారు. వెళ్ళాడు. సొంత కారులో వెళ్ళి, పట్టుబట్టలు చదివించి మరీ వడ్డించి వచ్చాడు. ఆ పెద్దమనిషి ఇప్పటికీ తేరుకోలేదు.

ఇవన్నీ ఊరికి నవ్వులాటగాని, ఆయన భార్య మాలకొండమ్మకు కాదు. ఆమెకు ఉన్నది ఒకటే కోరిక. నగలు అడగలేదు, కాశీ అడగలేదు. మొగుడు తన పక్కన కూర్చుని ఒక్కపూట, మొదటి ముద్ద నుంచి చివరి ముద్దదాకా లేవకుండా తినాలి. ఇంట్లో అయితే అందరూ తిన్నాక వంటగట్టు పక్కన నిలబడి నాలుగు ముద్దలు మింగేస్తాడు. ఆఖరికి వాళ్ళ పెళ్ళిలో కూడా, కొత్త దంపతులను పక్కపక్కన కూర్చోబెట్టి విస్తళ్ళు వేస్తే, పెళ్ళికొడుకు లేచిపోయి బావమరుదులకు గారెలు వడ్డించాడు. ఆ ఫోటో హాల్లో గోడకు ఉంది. అందులో కొత్త పెళ్ళికూతురు, ఆమె పక్కన ఒక ఖాళీ పీట, ఒక నిండు విస్తరి ఉంటాయి.

నెల్లూరులో మెస్సులన్నీ ప్రయత్నించి చూసింది మాలకొండమ్మ. ప్రతిచోటా ఇదే తంతు. టోకెన్లు తీసుకుని కూర్చోవడం, పక్క బల్లమీద ఎవరో సాంబారు కోసం మెడ సాచడం, మన ఆయన లేచి సర్వరు చేతిలో బకెట్టు అందుకోవడం. ఒక మెస్సులో అయితే ఆ సర్వరు హాయిగా కామాక్షయ్య కుర్చీలోనే కూర్చుని, కామాక్షయ్య విస్తరిలోనే భోంచేశాడు. "ఏమ్మా, పెరుగు చెప్పమంటారా?" అని మాలకొండమ్మను మర్యాదగా అడిగాడు కూడా.

ఇలాంటి రోజుల్లో చేపల నాగూర్ ఒక మాట అన్నాడు. కృష్ణపట్నం రోడ్డులో జపాన్ వాళ్ళ హోటలుకు చేపలు వేసేది అతనే. "అక్కా, ఆడ వడ్డనే ఉండదు. ఎవురిది వాళ్ళకి పళ్ళెంలో సర్ది ఒక్కసారే తెచ్చి ముందర పెట్టేస్తారు. ఇంగ బకెట్టు అనేదే లేదు."

మాలకొండమ్మకు ప్రాణం లేచి వచ్చింది. బకెట్టు లేని హోటలు భూమ్మీద ఉంటుందని ఆమె అనుకోలేదు.

ఆ హోటలు ఒగావా గారిది. ఆయన ఎప్పుడో కరెంటు ప్లాంటులో యంత్రాలు బిగించడానికి వచ్చాడు. పని అయిపోయినా ఇక్కడి సముద్రమూ చేపలూ వదల్లేక, భార్య కియోమిని, చంటిపిల్లను రప్పించుకుని, డాబా ఇంటి కింది వాటాలో హోటలు పెట్టుకున్నాడు. గుమ్మానికి నీలం గుడ్డ తెర కట్టి ఉంటే తెరిచినట్టు, లోపలికి తీసేస్తే మూసినట్టు. లోపల పొడుగాటి చెక్క బల్ల ఒకటి, చిన్న బల్లలు కొన్ని. ఒగావా గారు వండుతాడు, కియోమి గారు పళ్ళేలు సర్దుతుంది, ఆ చంటిపిల్ల ఇప్పుడు పెరిగి పెద్దదై అందరికీ అందిస్తుంది. పేరు మిహో. ముత్తుకూరు బళ్ళో చదువుకున్న పిల్ల కాబట్టి మొహం చూస్తే జపాను, నోరు విప్పితే నెల్లూరు.

"రాండి మామా, రాండత్తా. ఈడ కూర్చోండి, ఫ్యాను బాగా తగులుతాది" అంది మిహో.

నిజంగానే పళ్ళేలు ఒక్కసారే వచ్చాయి. ఒక గిన్నెలో అన్నం, ఒక గిన్నెలో చారు, కాల్చిన వంజరం చేప ముక్క, ముల్లంగి పచ్చడి, ఇంకా ఏవో చిన్న చిన్న గిన్నెలు. కామాక్షయ్య అన్నం ముట్టుకుని చూశాడు. "ఇది అన్నమా, పొంగలా? మెతుకుకి మెతుకు విడిపోనంటాందే" అన్నాడు. ఆయన చెయ్యి ముద్ద కలుపుతుంటే మాలకొండమ్మ ఊపిరి బిగబట్టి చూస్తోంది.

ముద్ద నోటిదాకా వెళ్ళింది. అక్కడే ఆగిపోయింది.

ఎదురు బల్లమీద పోర్టు పని మీద వచ్చిన జపాన్ ఇంజనీరు ఒకాయన భోంచేస్తున్నాడు. పెట్టింది ఒక్క మెతుకు మిగల్చకుండా తినడం వాళ్ళ మర్యాద. అలాగే తిని, అద్దంలా మెరిసే గిన్నెను బల్లమీద పెట్టాడు.

"మెతుకు కూడా మిగల్లేదు చూడు. పాపం, ఎంత ఆకలి మీదుండాడో" అన్నాడు కామాక్షయ్య.

"ఆయన తినేసినాడయ్యా. అయిపోయింది. నువ్వు కూర్చో" అంది మాలకొండమ్మ.

బకెట్టు లేకపోతేనేం, వంటగది కిటికీ దగ్గర మూతపెట్టిన చెక్క తొట్టి నిండా అన్నం ఉంది. ఆమె మాట పూర్తయ్యేలోపల ఆ తొట్టి కామాక్షయ్య చంకలో ఉంది. ఇంజనీరు గిన్నె నిండింది. ఆయన లేచి, వంగి దండం పెట్టి, మర్యాద కొద్దీ అదీ తిన్నాడు. గిన్నె ఖాళీ అయింది. కామాక్షయ్య నింపాడు. పెట్టింది మిగల్చకూడదని ఆయన, ఖాళీగా ఉంచకూడదని ఈయన. ఇద్దరూ మర్యాదస్తులే, ఎవరూ తగ్గలేదు. చివరికి ఇంజనీరు బెల్టు వదులు చేసుకుని, చెమటలు కక్కుతూ మిహో వైపు చూశాడు.

"సార్, గిన్నెలో కొంచెం వదిలేయండి, మామ పోతాడు" అని మిహో వాళ్ళ భాషలో ఉపాయం చెప్పి ఆయన ప్రాణం కాపాడింది.

దాంతో కామాక్షయ్య మిగతా బల్లలన్నీ చుట్టేసి, తొట్టితో సహా బయటికి ఎటో పోయాడు. మాలకొండమ్మ ఖాళీ కుర్చీ పక్కన ఒంటరిగా తింది. చారు బ్రహ్మాండంగా ఉంది. అది ఆమెకు ఇంకా బాధగా ఉంది.

వెళ్ళేటప్పుడు ఒగావా గారు గుమ్మందాకా వచ్చాడు. మొహం గంభీరంగా ఉంది. మిహోతో ఏదో గట్టిగా చెప్పాడు. ఇంక ఈ గడప తొక్కొద్దంటున్నాడని మాలకొండమ్మ సిగ్గుతో కుంచించుకుపోయింది.

"అదేం కాదత్తా" అంది మిహో. "మా హోటల్లోకి వచ్చి తినకుండా పోయింది మామ ఒక్కడేనంట. మా నాయనకి అవమానంగా ఉండాదంట. మళ్ళా రావాలంట. ఈ తడవ మామను ఎట్ల కూర్చోబెట్టాలో తను చూసుకుంటాడంట."

మాలకొండమ్మ ఒగావా గారి వైపు చూసింది. ఇన్నేళ్ళ తన పోరాటంలో మొదటిసారి ఒక తోడు దొరికాడు.

మళ్ళీ వెళ్ళింది వాయుగుండం పట్టిన ఒక ఆదివారం మధ్యాహ్నం. ఈసారి పళ్ళేలు రాలేదు. బల్ల మధ్యలో చిన్న గ్యాసు పొయ్యి, దాని మీద మట్టి కుండ పెట్టింది మిహో. కుండలో చారు మరుగుతోంది. చేప ముక్కలు, రొయ్యలు, క్యాబేజీ, పుట్టగొడుగులు పక్కనే పెట్టి, గరిటె తెచ్చి కామాక్షయ్య చేతికే ఇచ్చింది.

"దీన్ని నాబె అంటారు మామా. బల్ల కాడనే ఉడకాల. ఉడికింది ఉడికినట్టు మీరే వడ్డించాల, కూర్చోనే."

కామాక్షయ్య మొహం వెలిగిపోయింది. కూర్చుని కూడా వడ్డించవచ్చునని ఆయనకు ఎవరూ చెప్పలేదు. రొయ్యలన్నీ ఏరి భార్య గిన్నెలో వేశాడు. వంటగది కిటికీలోంచి ఒగావా గారు కన్నార్పకుండా చూస్తున్నాడు.

"ఇంకోటి మామా. ఎవురి గిన్నె వాళ్ళు నింపుకోకూడదు. మీది అత్తే నింపాల" అంది మిహో.

మాలకొండమ్మ గరిటె లాక్కుంది. మొగుడి గిన్నె నిండా వడ్డించింది. ఆయన గిన్నె ఎత్తాడు, ఊదాడు, పెదవుల దాకా తెచ్చాడు. బల్ల పక్క కిటికీలోంచి వాన కురుస్తున్న వాకిట్లోకి చూశాడు. గిన్నె దించేశాడు.

"ఇప్పుడే వస్తానే" అని, ఆ గిన్నె చేత్తో పట్టుకుని, అన్నం తొట్టి చంకన పెట్టుకుని మాయమయ్యాడు.

మాలకొండమ్మకు ఒళ్ళు మండింది. ఈసారి ఊరుకోలేదు. గొడుగు తీసుకుని వెనకాలే వెళ్ళింది. ఈ వానలో ఎవరి ఖాళీ విస్తరి కనబడిందో అదీ తేల్చుకుందామని.

వాకిట్లో రేకుల షెడ్డు కింద కంపెనీ కార్లు ఆగి ఉన్నాయి. లోపల ఆఫీసర్లు తింటున్నంతసేపూ వాళ్ళ డ్రైవర్లు అక్కడే కాచుకుని ఉన్నారు. కామాక్షయ్య వాళ్ళ మధ్య నిలబడి, బాదం ఆకుల్లో అన్నం ముద్దలు పెడుతున్నాడు. ప్రతి ముద్ద మీదా చేప ముక్క. అది ఆయన వాటా చేప అని మాలకొండమ్మ గుర్తుపట్టింది.

అందరిలోకి పెద్దవాడు, హజరత్తయ్య అనే డ్రైవరు, ఆమెను చూసి లేచాడు.

"మీరేనా అక్కా, అన్న ఇంటావిడ? పెళ్ళిళ్ళల్లో కూడా మాకీయనే దిక్కు. లోపల బంతులు బంతులు లేస్తాంటాయి, డ్రైవర్లను, బ్యాండు మేళమోళ్ళను రమ్మనేవోళ్ళుండరు. పిలవకుండా మేం పోలేం. ఈయన మాత్రం బకెట్టెత్తుకోని లోపలంతా తిరిగి, అట్నే మా కాడికొస్తాడు. బకెట్టు పట్టుకున్నోణ్ణి యాడికి పోతాండావని ఎవురూ అడగరు కదక్కా."

మాలకొండమ్మ మొగుడి వైపు చూసింది. ఆయన తొట్టిలోకి చూస్తున్నాడు, దొంగతనంలో పట్టుబడ్డవాడిలా.

"ఇన్నేండ్లు నాకెందుకు చెప్పలేదయ్యా?"

"చెప్తే నువ్వూ లేసొస్తావని. మన ఇద్దర్లో ఒకరన్నా వేడిగా తినాల కదా."

ఆమెకు కోపం వచ్చింది, నవ్వు వచ్చింది, ఇలాంటి వాణ్ణి కట్టుకున్నందుకు గర్వం కూడా వచ్చింది. మూడింటిలో నవ్వే గెలిచింది. "ఆకుల్లో పెట్టేదేంది, వాన జల్లులో. పక్కకి జరుగు" అని తొట్టి లాక్కుంది.

ఆమె వెనక ఒగావా గారు నిలబడి ఉన్నాడు. తొట్టిని వెతుక్కుంటూ వచ్చాడు కాబోలు, నెత్తిన ఒక పళ్ళెం అడ్డం పెట్టుకుని ఉన్నాడు. డ్రైవర్లను చూశాడు, ఆకులను చూశాడు. ఆయనకు వచ్చిన తెలుగు కొంచెమే, కానీ అది సరిపోయింది.

"రండి. లోపల. కూర్చోండి."

డ్రైవర్లు జంకారు. ఒగావా గారు హజరత్తయ్య చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి పొడుగాటి బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. అక్కడున్న ఆఫీసరు తన డ్రైవర్ని చూసి ఒక్క క్షణం తికమకపడి, తన గిన్నెలు పక్కకు జరుపుకుని చోటిచ్చాడు. "నీకు కూడా తెప్పించి ఉండాల్సింది, తోచలేదు" అన్నాడు. కుండలు పొయ్యిల మీదికి ఎక్కాయి. మాలకొండమ్మ ఒకవైపు, కామాక్షయ్య ఒకవైపు బల్లంతా వడ్డించారు. హజరత్తయ్య చాలు చాలు అంటున్నా వినలేదు, ఆ విషయంలో భార్య మొగుణ్ణి మించిపోయింది.

వడ్డన అయింది. ఎవరి గిన్నె చూసినా నిండుగా ఉంది.

"ఇప్పుడు కూర్చో" అంది మాలకొండమ్మ.

కామాక్షయ్య చుట్టూ చూశాడు. గుమ్మం దాకా వెళ్ళి వాకిట్లోకి తొంగి చూశాడు. కార్లు తప్ప ఎవరూ లేరు. ఇంక సాకు దొరకలేదు. వచ్చి కూర్చున్నాడు. ఆమె వడ్డించింది, ఆయన తిన్నాడు. మళ్ళీ వడ్డించింది, మళ్ళీ తిన్నాడు. కుండ అడుగు కనిపించేదాకా లేవలేదు.

ఒగావా గారు యుద్ధం గెలిచిన రాజులా కిటికీ దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మాలకొండమ్మ అంతకంటే దర్జాగా కూర్చుని ఉంది. అంతలో ఆమె చూపు ఒగావా గారి వెనక, సింకు పక్కన నిలబడి చల్లారిన చారు తాగుతున్న కియోమి గారి మీద పడింది.

"మిహో, మీ అమ్మానాయనా కూర్చోని తినేది ఎప్పుడమ్మా?"

మిహో నవ్వింది. "హోటలు పెట్టినప్పట్నుంచి నేనైతే చూళ్ళేదత్తా."

మాలకొండమ్మ లేచి వెళ్ళి, గుమ్మానికున్న నీలం తెర తీసి లోపల పెట్టింది. ఒగావా గారు నోరు తెరిచేలోపల కామాక్షయ్య ఆయన నడుముకు కట్టుకున్న వంటగుడ్డ విప్పేశాడు. మొగుడూ పెళ్ళాలను ఒకే బల్ల దగ్గర పక్కపక్కన కూర్చోబెట్టి, ఇంకో పొయ్యి మీద మరుగుతున్న కుండలోంచి చెరొక గిన్నె నింపింది మాలకొండమ్మ. కియోమి గారు సిగ్గుపడుతూ గిన్నె ఎత్తి ఒక గుక్క తాగింది. కళ్ళు పెద్దవి చేసి, ఒగావా గారి వైపు తిరిగి ఏదో అంది. ఆయన తల గోక్కున్నాడు.

"ఏమంటాందమ్మా?" అని అడిగాడు కామాక్షయ్య.

"మా నాయన చారు ఇంత బాగా పెడతాడని మా అమ్మకి ఇయ్యాలే తెలిసిందంట" అంది మిహో.