సముద్రానికి తూము

మెదక్‌లో మా చెరువు తూము తెరిచి నీళ్లు మళ్లకు వదిలే నీరటి, ఎక్కడ నీళ్లు కనిపించినా ముందు కాలు పెట్టి, అవి ఎటు పారుతున్నాయో చూసేవాడు. ఒక ఎండాకాలం చెరువు ఎండి పనిలేక కూర్చుంటే, బడిపంతులైన మా నాన్న అతన్ని మాతోపాటు విశాఖపట్నం తీసుకెళ్లాడు.

మేమంతా అలల్లో ఆడుతున్నాం. అతను నీళ్లలో కాలు పెట్టాడు. వచ్చిన నీళ్లు వచ్చినట్టే వెనక్కి పోవడం చూసి నొసలు చిట్లించాడు. పంచె ఎగగట్టి పొద్దుగూకేదాకా ఒడ్డు పొడవునా నడిచి, నాన్న దగ్గరికొచ్చాడు.

"సారూ, తూమేడున్నది?"

"సముద్రానికి తూముంటదా?" అన్నాడు నాన్న.



తిరిగొచ్చాక సముద్రం ఎట్లుందని మెదక్‌లో అందరూ మూగి అడిగారు. అతను చెప్పాడు.

"నీళ్లు మస్తున్నయి. పాపం, ఒక్క మడి గూడ పారది."