మంచు దయ్యాలకు ఉప్పు దిష్టి

పది కిలోల ఉప్పుతో ఎంత పని చెడగొట్టవచ్చో మీకు తెలియదు. మీ ఇంట్లో పచ్చళ్లు పెట్టేవాళ్లను అడిగితే ఇన్ని జాడీలకు సరిపోతుందని చెబుతారు, అంతే. నేను అదే ఉప్పుతో ఒక్క ఉదయంలో ఒక కొండను కరిగించాను, ఒక పందేన్ని దాదాపు ఆపేశాను, బతికున్న మనిషిని పట్టుకొని దయ్యమని దిష్టి తీశాను. నవ్వేవాళ్లు ఇప్పుడే నవ్వేయండి. మధ్యలో కొంచెం భయపడాల్సి కూడా ఉంది.

బహ్రెయిన్‌లో నాలుగేళ్లు సిమెంటు బస్తాలు మోశాక, మీనా సల్మాన్ రేవులో కొత్తగా తెరిచిన మంచు హాల్లో నాకు డ్యూటీ దొరికింది. అది ఒకప్పుడు చేపలు దాచిన గోదాం. ఎవరో మహానుభావుడు చేపలు తీసేసి, వాలుగా దిబ్బ కట్టించి, యంత్రంతో మంచు పోయించి, దాని మీద జారడానికి టికెట్టు పెట్టాడు. కాలికొక పొడవాటి బద్ద కట్టుకొని జారితే స్కీయింగ్ అట. రెండు కాళ్లూ ఒకే పలక మీద బిగించుకొని జారితే స్నోబోర్డింగ్ అట. మా కోరుట్ల దిక్కున కాలుజారినవాణ్ని చూసి నవ్వుతారు, ఇక్కడ చప్పట్లు కొడతారు. బయట ఎండ మాడుస్తుంటే లోపల మైనస్ రెండు. పెనం మీది నుంచి ఫ్రిజ్జులో పడ్డట్టుండేది నా బతుకు.

నా పని తేలికే. సాయంత్రం అందరూ వెళ్లాక పళ్లున్న పారతో మంచును పరుపులా సాపు చేసి, కింది తలుపుకు తాళం వేసి రావాలి. పొద్దున్నే అందరికంటే ముందు తెరవాలి.

ఆ తెరవడమే నాకు గుండెదడ. కిటికీలు లేని హాలు. జనం వచ్చేదాకా సగం లైట్లే వేయాలి. దిబ్బ పై సగం పొగమంచులో కనిపించదు. గోడల వెనక యంత్రాలు ఎవరో దుప్పటి కప్పుకొని మూలిగినట్టు మూలుగుతాయి. మంచు కింద నుంచి ఎప్పుడో పోయిన చేపల వాసన. నా ఊపిరే ఆవిరై నాకంటే ముందు నడుస్తుంటే, ఇంకెవరో ఉన్నారని ఆగిపోయేవాణ్ని.

ఒక శుక్రవారం తలుపు తెరిచేసరికి, నేను సాపు చేసిన మంచు మీద జాడలున్నాయి. రెండు సన్నని గీతలు. వాటి పక్కనే, దేన్నో ఈడ్చుకొచ్చినట్టు ఒక వెడల్పు జాడ. పై నుంచి కిందికి వచ్చాయి. కింది నుంచి పైకి వెళ్లిన అడుగు ఒక్కటీ లేదు.

“మర్చిపోయి సాపు జెయ్యలేదేమో రా” అని నన్ను నేనే తిట్టుకొని తుడిచేశాను.

మరుసటి శుక్రవారం జాడలతో పాటు, దిబ్బ అడుగున రెండు మనిషి ఆకారాలు. వెల్లకిలా పడుకున్నట్టు మంచులో దిగిపోయి ఉన్నాయి. రెంటికీ రెక్కలు! పక్కపక్కనే ఉన్నాయి, ఒకదాని చెయ్యి ఇంకోదాని చేతిలో ఉంది. అనుమానం పెనుభూతమంటారు. నా అనుమానానికి ఒక భూతం చాలలేదు.

మా లేబర్ క్యాంపులో దయ్యాలకు సంబంధించిన శాఖ నర్సయ్య మామది. ఊళ్లో ఆయన మేనమామే గాలి సోకినవాళ్లకు చూసేవాడట, ఆ హోదా ఈయన బహ్రెయిన్‌కు కూడా పట్టుకొచ్చాడు. అన్నం ముందు కూర్చొని నేను చెప్పిందంతా విన్నాడు.

“రెక్కలున్నయంటివా?”

“ఉన్నయి మామా.”

“చేతులు పట్టుకున్నయా?”

“గట్టిగనే పట్టుకున్నయి.”

మామ ముద్ద మింగాడు. “ఒక్కపారే సచ్చిన జంటరా అది. విడదియ్యలేం. ఒక్కటే మందు. దొడ్డుప్పు తీసుకో. మూడు సుట్లు తిప్పి, అవి తిరిగిన జాగంత సల్లు. ఉప్పు దాటి గాలి రాదు.”

“మంచు మీద ఉప్పు జల్లొచ్చా మామా?”

“మంచు తెల్లగనే ఉంటది, ఉప్పు తెల్లగనే ఉంటది. ఎవనికి తెలుస్తది?”

ఆ మాటలో ఉన్న తెలివికి నేను అప్పుడు పొంగిపోయాను. ఇప్పుడు తలచుకుంటే ఆ ఉప్పే తిని చావాలనిపిస్తుంది.

మూడో శుక్రవారం ఏడింటికి, రేకు డబ్బా నిండా పది కిలోల గల్లుప్పుతో హాల్లో అడుగుపెట్టాను. ఆ రోజు పది గంటలకు జంట పందెం. ఇద్దరిద్దరు చేతులు పట్టుకొని, పడకుండా, వదలకుండా కిందికి రావాలి. అంతమంది వచ్చేలోపు వాళ్ల మేలు కోరి హాలు శుద్ధి చేయాలని నా తాపత్రయం. “ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, చేపల దిష్టి” అని గొణుగుతూ ఎడమ గోడ నుంచి మొదలుపెట్టి చల్లుకుంటూ పోయాను. కుడి గోడ పక్కన రెండు బారల మేర మిగిలి ఉండగా, పైన ఎక్కడో తలుపు కిర్రుమంది.

ఆ హాలుకు పైన, గోడలో కలిసిపోయి, ఇంకో తలుపుందని నాకు తెలియదు.

సన్నని నవ్వు. ఒకటి కాదు, రెండు. పొగమంచులో నుంచి తెల్లని ఆకారం ఒకటి బయటికొచ్చింది. తల నుంచి కాళ్లదాకా తెలుపు. మొహం ఉండాల్సిన చోట నల్లటి అద్దం. అది నా మీదికి వస్తోంది. కాళ్లు కదలడం లేదు! చప్పుడు లేదు!

“థూ! థూ! పో!” అని అరిచి, చేతికందినంత ఉప్పు దాని మొహాన కొట్టి, డబ్బాతో సహా వెల్లకిలా పడ్డాను. పడ్డవాణ్ని ఊరుకున్నానా? చేతులూ కాళ్లూ కొట్టుకున్నాను.

దయ్యం కూడా ఉప్పు చల్లిన చోట చతికిలబడింది. అద్దం తీసి, ఉప్పు ఉమ్మి, చక్కటి గోదావరి యాసలో అంది: “ఇదేంటండీ బాబూ! పొద్దున్నే ఊరగాయ పెడుతున్నారేంటండీ నన్ను?”

దాని వెనకే ఇంకొకతను పలక మీద వచ్చి ఆగాడు, కడుపు పట్టుకొని నవ్వుతూ.

అరుపులు విని మేనేజరు షీబా మేడమ్ పరుగున వచ్చింది. ఆమె కేరళావిడ, నాతో హిందీలో మాట్లాడుతుంది. “పొద్దున వీళ్లిద్దరినీ పై తలుపు నుంచి రానిచ్చేది నేనే” అంది. “ఈయన వంశీ, వర్క్‌షాపు ఆఫీసులో పని. అతను జోయెల్, ఫిలిప్పీన్స్, అద్లియాలో కాఫీ షాపులో పని. ఇద్దరూ ఒక జంట. గే. ఇంతకుముందున్న క్లబ్బులో సంగతి తెలిసి, ఇక రావద్దన్నారు. అందుకే ఎవరూ చూడకుండా సాధన చేస్తున్నారు. అందరితో కలిసి పందెంలో దిగడం ఇవాళే మొదటిసారి. నువ్వేం చేశావు?”

నేనేం చేశానో అప్పటికే కనబడుతోంది. నేనొకటి తలిస్తే ఉప్పొకటి తలచింది. దిబ్బంతా గుంటలు పడి, నీళ్లూరి, పెరుగన్నంలా అయిపోయింది.

“ఖలాస్” అంది మేడమ్. “పందెం రద్దు.”

“పోనీలెండి మేడమ్” అన్నాడు వంశీ, చేతి తొడుగులు విప్పుకుంటూ. “ఒక రకంగా మంచిదేనండి. ఎవరూ చూడకుండా పోతాం.”

వాళ్లను రావద్దన్నవాళ్లు మాటతో తరిమారు. నేను ఏకంగా ఉప్పు చల్లాను. సిగ్గుతో చచ్చిపోయాను. అసలు దయ్యం ఎవరని ఆ హాల్లో ఓటు పెడితే నేనే గెలిచేవాణ్ని.

“మేడమ్, రద్దు జెయ్యకుండ్రి” అన్నాను. “ఆ గోడ పక్కన ఉప్పు పడలే. ఇద్దరు దగ్గరగ పట్టుకొని వస్తే సరిపోతది.”

మామకు ఫోన్ చేశాను. చెప్పిన మందు ఇంత బాగా పనిచేసిందని తెలిసి, పార పట్టుకొని వచ్చాడు. ఇద్దరం కలిసి రెండు గంటలు ఆ సన్న దారిని సాపు చేశాం.

పదింటికి జంటలన్నీ వరసగా నిలబడ్డాయి. వాళ్లలో పాత క్లబ్బు పెద్దమనిషి ఒకాయన, పక్కన భార్య. వంశీని చూసి మొహం ముడిచాడు. “వీళ్లు కూడానా?”

“జంట పందెం గదా సార్. జంటే వచ్చింది” అంది మేడమ్.

నా పుణ్యాన దారి ఎంత ఇరుకంటే, భుజం భుజం తగలకుండా రావడం కుదరదు. ఏళ్ల తరబడి కాపురం చేసిన దంపతులు “నువ్వు జరుగు” అంటే “నువ్వే జరుగు” అనుకుంటూ ఒక్కో జంటా నా ఉప్పు బురదలో పడుతోంది. పెద్దమనిషి నడుందాకా దిగిపోయాడు.

వంశీ, జోయెల్ పైన నిలబడ్డారు. వంశీ మళ్లీ చేతి తొడుగు విప్పబోయాడు. జోయెల్ ఆ చెయ్యి పట్టుకున్నాడు. రెండు సన్న గీతలు, ఒక వెడల్పు జాడ, తిన్నగా కిందిదాకా వచ్చాయి. చప్పట్లు ముందు కొట్టింది బురదలో ఉన్న పెద్దమనిషి భార్య. తర్వాత అందరూ కొట్టారు. ఆయన మాత్రం కొట్టలేదు, ఆయన చేతులు బురదలో ఉన్నాయి.

మామ నన్ను గోకాడు. “ఇద్దరు మొగోళ్లు జంటనారా?”

“అవు మామా.”

“పడ్డరా?”

“పడలే.”

“గట్లయితే మంచి జంటనే” అని తీర్పిచ్చి, మంచు వైపు చూసి ఒక్కసారిగా నా మెడ పట్టుకున్నాడు. “రాజేశం! ఇగో ఇంకోటి! దీని చేతిల డబ్బా ఉన్నదిరా!”

అది నేను పడ్డ చోటు. వంశీ వాళ్లు ఆటకు చేసినట్టు, మంచులో వెల్లకిలా పడి చేతులాడిస్తే రెక్కల అచ్చు పడుతుంది. నేను కొట్టుకున్న కొట్టుడుకు నాకూ రెక్కలొచ్చాయి.

ఆ సాయంత్రం మంచంతా కొత్తగా పోసి, నా చేతులతో సాపు చేసి, తాళం వేశాను. మళ్లీ శుక్రవారం పొద్దున తెరిచాను. సగం లైట్లు, మూలుగు, పొగమంచు. దిబ్బ అడుగున చేతులు పట్టుకున్న రెండు ఆకారాలు. వాటి పక్కన, రెండోదాని చెయ్యి పట్టుకొని, మూడోది. మూడోదాని చేతిలో డబ్బా.

తలుపు వైపు రెండడుగులు వెనక్కి వేశాను. పైన పొగలో నుంచి గోదావరి గొంతు మెల్లగా పలికింది: “థూ... థూ... రండి రాజేశం గారూ, మీకూ నేర్పుతాం.”

కనుక పాఠకులారా, నా ఉప్పు డబ్బా సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. చేతులు పట్టుకున్న ఏ జంట మీదా, అది నిజంగా దయ్యాల జంటే అయినా సరే, ఇక జన్మలో ఉప్పు చల్లను. ముందు పేర్లడుగుతాను. భయపడాలో వద్దో తర్వాత చూసుకుంటాను.