గేటు కాడ దమ్ము

పాపకు పళ్లు వచ్చే రోజుల్లో మా ఇంట్లో ఎవరికీ సరిగా నిద్ర లేదు. జ్వరం లేకపోయినా గంటకోసారి థర్మామీటర్ పెట్టి చూసేదాన్ని. ఒక సాయంత్రం పాప ఎంతకీ ఏడుపు ఆపక, నాకూ ఏడుపొచ్చేలా ఉన్నప్పుడు మా వీధిలోంచి ఒక పెళ్లి బరాత్ వెళ్లింది. డీజేలు వచ్చాక బ్యాండుతో బరాత్ కనబడటమే అరుదు. ముందు ఎర్రకోటు వేసుకున్న ఒక ముసలాయన ట్రంపెట్ ఊదుతూ నడుస్తున్నాడు. పాప ఏడుపు ఆపి కిటికీ చువ్వలు పట్టుకుంది. నేను ఒక చేత్తో పాపను ఎత్తుకుని, రెండో చేత్తో ఫోన్ పట్టుకుని నలభై సెకన్లు రికార్డు చేశాను.

ఆ నలభై సెకన్లతోనే పది రోజులు గడిపాం. పాప ఏడవగానే నేను ఫోన్ నొక్కడం, పాప ఆగడం. మా ఆయనది వరంగల్ ఎనుమాముల మార్కెట్లో మిర్చి కమీషన్ వ్యాపారం. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కునేలోపే ఆ ముక్క మొదలయ్యేది.

"ఆ తాత ఇంకో పాట ఊదలేదా? కాంటా పెడ్తాంటె సుత నా చెవులల్ల ఇదే మోగుతాంది" అన్నారు ఒకరోజు.

పాప కోసమే ఆ తాత ఊదిన వేరే పాటలు వెతుకుతున్నానని మా ఆయనతో అన్నాను కానీ అది సగమే నిజం. పాప పడుకున్నాక కూడా నేను ఆ ముక్క వింటున్నాను. ఆ తాత స్వరం మొదట కొంచెం గరుకుగా ఉండి, పైకి పోయేకొద్దీ నున్నబడేది. ఇంటర్నెట్లో ఎంత వెతికినా ఆయన ఊదినది ఒక్కటీ దొరకలేదు. చివరికి ఒక బ్యాండు దుకాణంలో అడిగితే, ఆ తాత కాజీపేటలో చర్చి వెనక గల్లీలో ఉంటాడని, ఎవరైనా బతిమాలితేనే పెళ్లిళ్లకు వస్తున్నాడని చెప్పారు.

పాపను ఎత్తుకుని, రెండు సీసాల వేడినీళ్లు, మూడు జతల బట్టలతో కాజీపేట వెళ్లాను. ఆయన మంచం మీద కూర్చుని ట్రంపెట్‌ను పాత బనీనుతో తుడుస్తున్నారు. మీ రికార్డులు కావాలని చెబితే కుడి చెవి నా వైపు తిప్పి, ఇంకోసారి చెప్పించుకున్నారు.

"రికార్డులా? నేనేమన్న సినిమాల్ల ఊదిన్నా బిడ్డా. నా ఊదుడంత పెండ్లి క్యాసెట్లల్ల ఉంటది. ఊరంత ఉన్నది. పోయి అడుగు."

నేను లేవబోతుంటే ఆయనే ఆపారు.

"దొరుకుతె గేటు కాడ దమ్ము పట్టుకరా. ఎడమ చెవు ఎప్పుడో పోయింది. కుడిది సుత పోతాంది. మిషన్ పెట్టుకుంటె మాట వినపడ్తదట గని బాజా సక్కగ వినరాదట, దవాఖానల చెప్పిన్రు. ఈ చెవు ఉన్నప్పుడే అదొక్కటి వినాలె."

గేటు కాడ దమ్ము అంటే ఏమిటో ఇంటికొచ్చాక మా అత్తమ్మ చెప్పింది. పెళ్లికొడుకు బండి దిగి, ఆడపెళ్లివారి గేటు లోపల కాలు పెట్టేదాకా ఆ తాత ఒకే స్వరాన్ని ఆపకుండా ఊదేవాడట. మధ్యలో ఊపిరి తీసుకోడట.

"మా పెండ్లిల గుర్రం మొండికేసింది. మీ మామయ్య దిగరాక, గుర్రం నిలవడక ఎంతసేపాయెనో. అంతసేపు ఒక్క దమ్మే. మా పెండ్లిల ఊదినంత ఎవ్వలకు ఊదలే" అంది.

తర్వాత మేం వెళ్లిన ప్రతి ఇంట్లోనూ ఇదే మాట విన్నాను. ఎవరి పెళ్లిలో ఊదినదే వాళ్లకు అన్నిటికన్నా పొడుగు.

క్యాసెట్లు వెతికే పని నాకంటే అత్తమ్మకే ఎక్కువ నచ్చింది. వరంగల్, హనుమకొండ బజార్లలో ఏ ఇంట్లో ఎప్పుడు పెళ్లయిందో, ఏ పెళ్లిలో పప్పు మాడిందో ఆమెకు తెలుసు. ఫోన్ చేసి, "మీ పెండ్లి క్యాసెట్ జర ఇస్తరా? అయ్యో, మిమ్ముల చూసేటందుకు కాదు, బ్యాండు చూసేటందుకు" అనేసేది. ఒకావిడ బాగా నొచ్చుకుంది. అప్పటినుంచి ముందు పెళ్లికూతురి చీరను పొగిడి, పెళ్లి ఆల్బమ్ తలంబ్రాల దాకా చూసి, ఆ తర్వాతే ట్రంపెట్ మాట ఎత్తేవాళ్లం.

హనుమకొండలో పాత ఫోటో స్టూడియో ఒకటి ఉంది. క్యాసెట్లు ఆడించే మిషన్ ఇప్పటికీ ఉన్న స్టూడియో నాకు అదొక్కటే దొరికింది. మొదటి క్యాసెట్ పెట్టగానే ఎర్రకోటు కనబడింది. మీసాలు నల్లగా ఉన్నాయి. తాత ట్రంపెట్ పెదాలకు ఆనించి, బుగ్గలు ఉబ్బించి ఊదాడు. వినబడింది మాత్రం ఎవరో గాయని పాడిన సినిమా పాట.

స్టూడియో ఆయన తల గోక్కున్నాడు. "గప్పుడు గదే ఫ్యాషన్ మేడమ్. అసలు సప్పుడంత తీసేసి, పైనుంచి పాటలు మిక్సింగ్ చేస్తుంటిమి. నేనే చేసిన."

"పెళ్లంతా సినిమావాళ్లే పాడినట్టు చేశారు కదా అన్నా."

"పైంగ మంచిగ చేసినవని మెచ్చుకున్నరు."

అలా పదిహేడు పెళ్లిళ్లు చూశాం. పదిహేడింటిలోనూ తాత ఊదుతూనే ఉన్నాడు, సినిమా పాటలే వినబడుతున్నాయి. ఒక పాట అయిపోయి ఇంకోటి మొదలయ్యే సందులో మాత్రం ఆరు సెకన్లో, పదకొండు సెకన్లో అసలు శబ్దం మిగిలి ఉండేది. ఆ ముక్కలన్నీ ఫోన్లోకి ఎక్కించుకుని, ఎవరి పెళ్లిదో, ఎన్ని సెకన్లో నోటుబుక్కులో రాసుకునేదాన్ని. ఇరవై ఏడు ముక్కలయ్యాయి. గేటు దగ్గరిది ఒక్కటీ లేదు. సరిగ్గా అక్కడే అందరూ మంచి పాట వేయించుకున్నారు.

ఈలోగా పాప నడక నేర్చింది, రెండుసార్లు జలుబు చేసింది, నేను ఇద్దరు డాక్టర్లను మార్చాను. తాత దగ్గరికి వెళ్లినప్పుడల్లా ఆయన చెవిని ఇంకాస్త దగ్గరికి తెచ్చేవారు. "దమ్ము దొరికిందా?" అని అడిగేవారు. లేదంటే, "జల్ది బిడ్డా" అనేవారు.

ఒకరోజు స్టూడియోలో పాప వైర్లు ముట్టకుండా కాపలా కాస్తూ, సినిమా పాటలు వద్దన్నవాళ్లు ఒక్కరూ లేరా అని అడిగాను. ఆయన పాత ఆర్డర్ల పుస్తకం తిరగేశాడు.

"క్రిస్టియన్స్ వద్దంటుండె మేడమ్. వాళ్లకు దేవుని పాటలు ఏస్తుంటి. స్టేషన్ ఘన్‌పూర్ల ఒక బడి సార్ మాత్రం అవి సుత వద్దన్నడు. పెండ్లి ఎట్లయిందో అట్లనే ఉండాలె, మా బాపు దగ్గుడు సుత వినపడాలె అన్నడు."

మర్నాడే రైలెక్కాం. అత్తమ్మ, నేను, పాప, పాప సంచీలు రెండు. ఆ మాస్టారి భార్య బీరువాలో పెళ్లిచీర మడతల మధ్య నుంచి క్యాసెట్ తీసి ఇచ్చింది. అది స్టూడియోకు చేరేదాకా నాకు భయమే. రీలుకు బూజు పట్టి ఉంటుందని, రైల్లో ఎండ తగులుతుందని, పాప లాగేస్తుందని. పాప నిజంగానే ఒకసారి లాగింది. అత్తమ్మ దాని చేతిలో అరటిపండు పెట్టి విడిపించింది.

క్యాసెట్ ఆడింది. మాస్టారి నాన్నగారి దగ్గు వినబడింది. వెనకే ట్రంపెట్. చర్చి పాట, నెమ్మదిగా. వీళ్లలో గేటు చర్చిది, దాటేది పెళ్లికూతురు. కారు గేటు ముందు ఆగగానే తాత ఒక స్వరం అందుకున్నాడు. కెమెరా ఆయన మీదే ఉంది. నేను వేళ్ల మీద లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఇరవై దాటింది. అప్పుడు తాత ట్రంపెట్ కిందికి దించాడు. జేబులోంచి రుమాలు తీసి మూతి తుడుచుకున్నాడు. ఎవరికో నమస్తే కూడా పెట్టాడు. స్వరం మాత్రం ఆగలేదు.

"అన్నా, ఇక్కడ మిక్సింగ్ చేశారా?"

"నేను ముట్టలేదు మేడమ్" అన్నాడు. ఆయన కూడా నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

వెనక్కి తిప్పి మళ్లీ చూశాం. తాత భుజం వెనక ఇంకో ఎర్రకోటు మోచెయ్యి, ఇంకో ట్రంపెట్ అంచు మెరుపు కనబడ్డాయి. మొహం కనబడలేదు. కాసేపటికి తాత మళ్లీ అందుకున్నాడు, ఆ మోచెయ్యి దిగింది. పెళ్లికూతురు కారు దిగి, తల మీది తెల్లటి వీల్ సర్దుకుని, గేటు దాటేదాకా ఇలా ఒకరి తర్వాత ఒకరు. కళ్లు మూసుకుని వింటే ఒక్క దమ్మే.

రెండు రోజులు కాజీపేట వెళ్లలేదు. ఊరంతా నమ్మిన దాని గుట్టు నేను పట్టుకున్నాను. ఇది చూపిస్తే ఆయన సిగ్గుపడతారేమో, చూపించకుండా ఆగితే ఈలోపే ఆ చెవి కూడా పోతుందేమో. మా ఆయనకు చెబితే, "ఆయిన అడిగింది వింటా అని. నువ్వెందుకు ఫికర్ చేస్తానవ్. చెవుకు పెట్టి రా" అన్నారు.

తాత నా ఫోన్ తీసుకుని తెర వైపు చూడనే లేదు. కుడి చెవికి ఆనించుకుని కళ్లు మూసుకున్నారు. పాప ఆయన మోకాలు పట్టుకుని నిలబడింది. సరిగ్గా ఆ అతుకు దగ్గర ఆయన వేలెత్తారు.

"ఇగో. ఇప్పుడు వాడు."

ఆయన ఆ ముక్క నాలుగుసార్లు వేయించుకున్నారు.

"మా బ్యాండుల రెండో ట్రంపెట్. మూడేండ్లాయె పోయి. నా ఎనుకనే నిలవడేటోడు. ఒక్క క్యామెరా సుత వాని మొకం చూడలె. ముంగటికి రమ్మంటె, అన్నా, గంత మంది చూస్తె నా మూతి పనిజెయ్యది అనేటోడు. నేను ఊదింది నాకెందుకు బిడ్డా. వాడెట్ల అందుకునేటోడో వినాలె. ఆ యాల్లకు నాకు దమ్ము తీసుకునుడే సరిపోతుండె. ఎన్నడు సక్కగ వినలె."

"ఎలా ఉంది తాతా?"

"నా కన్న సాఫ్‌గున్నది, దొంగ నాకొడుకుది" అని నవ్వారు. చాలాసేపు నవ్వారు. అది చూసి పాప కూడా నవ్వింది.

"అందరికీ ఒక్కరి దమ్మే అని చెప్పాను."

"ఇప్పుడు ఇద్దరిదని చెప్పు. వాడుంటే చెప్పనియ్యకపోవు. ఇప్పుడు లేడు గద, ఏం జేస్తడు."

ముందు అత్తమ్మకు చెప్పాను. ఆమె మొహం కాసేపు ముడుచుకుంది. "అయితె మా పెండ్లిల సుత ఇద్దరేనా?" అంది. అంతలోనే తేరుకుని, "ఇద్దరైతేంది. గుర్రం దిగేదాంక ఊదిన్రా లేదా" అంది. నోటుబుక్కులో ఇరవై ఏడు ముక్కల ముందూ ఒక్కరి పేరే ఉంది. ఇప్పుడు మళ్లీ మొదటినుంచి వింటున్నాను. ఆదివారం చర్చి అయ్యాక ఆయన దగ్గర కూర్చుంటే, ఏది తనదో, ఏది వాడిదో చెబుతున్నారు. వాడివి ఇప్పటికి నాలుగు తేలాయి.

మొదటిసారి విన్న రోజే తాత ఆ గేటు ముక్కను తన ఫోన్లో రింగ్‌టోన్‌గా పెట్టించుకున్నారు. తర్వాత నేను ఎప్పుడు ఫోన్ చేసినా వెంటనే ఎత్తరు. మొదట్లో భయపడేదాన్ని. చెవి పూర్తిగా పోయిందా, పడిపోయారా అని. ఒకసారి అడిగేశాను.

"వినపడ్తాంది బిడ్డా. వాడు అందుకున్నంక ఎత్తుత."

ఇప్పుడు అలవాటైంది. ఫోన్ చేసి, వేళ్ల మీద ఇరవై దాకా లెక్కపెడతాను. ఆ తర్వాత ఆయన "ఆఁ, చెప్పు" అంటారు.